నవ్వు ఎవరి పక్షం?

నేను గుంటూరు అమ్మాయిని. మా జిల్లా హాస్యం అనగానే బ్రహ్మానందం పేరే చెప్తారు. సత్తెనపల్లి దగ్గరి పల్లెలో పుట్టి, అత్తిలిలో తెలుగు లెక్చరర్‌గా చేసిన ఆయన్ని 1987లో జంధ్యాల తీసిన ‘అహ నా పెళ్లంట!’ నిలబెట్టింది. 2009లో పద్మశ్రీ వచ్చింది.

‘అహ నా పెళ్లంట!’కి ఏడాది ముందు, జంధ్యాలే తీసిన ‘చంటబ్బాయ్’లో శ్రీలక్ష్మి రచయిత్రి. కవితలూ కొత్త వంటకాలూ పట్టుకొచ్చి పత్రికా సంపాదకుణ్ణి హడలెత్తిస్తుంది. నటుడు అమర్‌నాథ్ కూతురైన ఆమె, ఆ పాత్రని తాను వెక్కిరించకుండా నటించింది.

చిన్నప్పుడు నేనూ పడీపడీ నవ్వాను. ఇంటర్లో తొలి కవిత ఇంట్లో చూపిస్తే, "మనింట్లోనూ శ్రీలక్ష్మి తయారైందే!" అన్నారు. కాగితం మడిచి దాచేశాను.

పరిశోధన రోజుల్లో రెండు సినిమాలూ మళ్ళీ చూశాను. పిసినారి యజమాని దగ్గర నలిగే అరగుండు పక్షాన నిలబడి నవ్వుతాం. రచయిత్రి దగ్గరికొచ్చేసరికి సంపాదకుడి పక్షాన చేరి నవ్వుతాం. ఆమె రాత పేలవమే కావచ్చు. పేలవంగా రాసే మగకవులు మనకి కొత్తా? నవ్వంతా రాయాలన్న ఆమె కోరిక మీదే.

అయినా ఆమె తగ్గదు. మళ్ళీ వస్తుంది, మళ్ళీ చదువుతుంది. ఆ మొండితనం శ్రీలక్ష్మి ఇచ్చిందే. దాచిన కాగితం నాచేత విప్పించింది కూడా అదే.