పసుపుపచ్చ కారు

మా దర్శి వైపంతా మెట్ట. సాగరు కాలవ రాకముందు అక్కడి పెద్దవాళ్ళు పిల్లలకి వదిలిపోయిందేముంది కనక? ఓ గూడుబండి, నాలుగు ఇత్తడి బిందెలు, కాస్త కలిగినవాళ్ళయితే ఓ కాసులపేరు. ఏ వస్తువైనా ఇంట్లో మూడు తరాలు నిలిచిందంటే, దాన్ని చింతపండు పెట్టి తోమిన చెయ్యి ఒకటి ఉండే ఉంటుందని నా నమ్మకం. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాముగారి రోల్స్‌రాయిస్ ముందు నిలబడ్డప్పుడు కూడా నాకా బిందెలే గుర్తొచ్చాయి. నవ్వకండి.

ఆ కారు సిల్వర్ ఘోస్ట్ రకం. ఆరు సిలిండర్ల ఇంజను. 1907లో వెండిరంగు వేసిన బండి ఒకటి చడీచప్పుడూ లేకుండా పోతుంటే ‘వెండి దెయ్యం’ అని పేరు పెట్టారట. ఇక్కడున్నది మాత్రం నిగనిగలాడే పసుపుపచ్చ. అది ఆసఫ్‌జాహీల రంగు. వెనకసీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది.

చేయించుకోబోయింది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్. తొడిగిన బట్ట మళ్ళీ తొడగడని పేరుపడ్డ మనిషి. 1911 ఆగస్టులో ఆయన కాస్తా పోయాడు. కారు తయారైంది 1912లో. ముచ్చటపడ్డవాడు ఎక్కనేలేదన్నమాట! అది కొడుకు ఉస్మాన్ అలీఖాన్‌కి దక్కింది. ఈయన ప్రపంచంలోకెల్లా ధనవంతుడని 1937లో టైమ్ పత్రిక ముఖచిత్రంగా వేసింది. ఇంట్లో చూస్తే మేజోళ్ళు తనే అల్లుకునేవాడని చెప్పుకుంటారు. తండ్రికీ కొడుక్కీ ఎంత తేడానో చూశారా! కారు మొత్తం మీద తిరిగింది 356 మైళ్ళేనట. దర్శి నుంచి హైదరాబాదు వెళ్ళొస్తే ఇంచుమించు అంతవుతుంది.

1967 ఫిబ్రవరిలో ఆయన పోయాక ఆస్తి కొడుకుని దాటి మనవడు ముకర్రం జాకి వచ్చింది. ఆస్తితోపాటు కోర్టు దావాలు, వందలాది బంధువులు, షెడ్డు నిండా కదలని కార్లు కూడా వచ్చాయి. 1971లో రాజభరణాలు రద్దయ్యాయి. ఆయన ఆస్ట్రేలియా వెళ్ళి గొర్రెల క్షేత్రం పెట్టుకున్నాడు. ఇక్కడ ప్యాలెస్‌లకి తాళాలు పడ్డాయి, బూజు పట్టింది.

మరి ఆ బూజు దులిపిందెవరనుకున్నారు? ఎస్రా అనే టర్కీ ఆవిడ. 1959లో ఈ ఇంటి కోడలయింది. 1974లో విడాకులయ్యాయి. అక్కడితో ఈ ఇంటికీ ఆవిడకీ రుణం తీరిపోవాలి కదా! తీరలేదు. రెండు దశాబ్దాలు దాటాక తిరిగొచ్చి, లెక్కలు చూసుకుని, పనివాళ్ళని పెట్టి, చౌమహల్లాని దగ్గరుండి బాగుచేయించింది. 2005లో జనానికి తలుపులు తెరిచారు. 2010లో యునెస్కో వాళ్ళు పురస్కారం ఇచ్చారు. ఫలక్‌నుమా కూడా ఆవిడ చేతిమీదుగానే మళ్ళీ దీపం చూసింది. కారు కథ చెప్పేవాళ్ళు నిజాముల పేర్లు చెప్పి ఊరుకుంటారు. నాకేమో ఆ భాగమే అసలు కథనిపిస్తుంది.

నాతో వచ్చిన మా ఆడబడుచు ఇదంతా విని, “విడాకులయ్యాక కూడానా వదినా!” అని బుగ్గ నొక్కుకుంది.

ముకర్రం జా 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో కన్నుమూశాడు. హైదరాబాదు తీసుకొచ్చి, మక్కా మసీదులో పూర్వీకుల పక్కన సమాధి చేశారు. అక్కణ్ణించి పసుపుపచ్చ కారున్న చోటికి నడిచే వెళ్ళొచ్చు.