‘ఇంజనీరు’: కోటల నుంచి కుళాయిల దాకా

‘ఇంజనీరు’ మొదట యుద్ధరంగం మాట. లాటిన్‌లో ‘ఇంజీనియం’ అంటే పుట్టుకతో వచ్చే తెలివి. ఆ తెలివితో చేసిన, కోటగోడలు కూల్చే యంత్రాలకూ ఆ పేరే స్థిరపడింది. వాటిని చేసినవాడు ఇంజనీరు అయ్యాడు.

18వ శతాబ్దంలో ఎడిస్టన్‌ దీపస్తంభం కట్టిన జాన్‌ స్మీటన్‌, సైన్యానికి కాదు జనానికి పనిచేస్తానంటూ ‘సివిల్‌’ ఇంజనీరునని చెప్పుకున్నాడు. 1771లో లండన్‌లో తోటివారితో సంఘం పెట్టాడు. మన ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్‌ మాత్రం సైనిక ఇంజనీరే! ఆవిరి యంత్రాలతో మెకానికల్‌, టెలిగ్రాఫుతో ఎలక్ట్రికల్‌, రసాయన కర్మాగారాలతో కెమికల్‌ శాఖలు వేరుపడ్డాయి.

ఇంజనీరింగ్‌లో కొత్తగా చేరిన శ్రీకాకుళం జిల్లా కవిటి పిల్లలకు ఈ శాఖలన్నీ తమ తాగునీటి పథకంలో ఒకేచోట కనిపిస్తాయి. కిడ్నీ జబ్బులతో నలిగిన ఉద్దానం ప్రాంతానికి హిరమండలం జలాశయం నుంచి వంశధార నీరు తెచ్చే పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. కవిటి సహా ఏడు మండలాలకు అది ఆధారం. గొట్టం ఎంత లావుండాలి, ట్యాంకు ఎంత ఎత్తున కట్టాలి అన్నది సివిల్‌ లెక్క. నీటిని తోసే పంపు మెకానికల్‌, దాన్ని తిప్పే మోటారు ఎలక్ట్రికల్‌. కలిపే క్లోరిన్‌ తగ్గితే క్రిములు చావవు, ఎక్కువైతే నీళ్లు వాసనేస్తాయి. ఆ మోతాదు తేల్చడానికి రసాయనశాస్త్రం రావాలి.