అణాకో దోమ: హుసేన్ ఖాన్ ఖూన్ కహానీ

ఏటా ఆగస్టు 20న పేపర్లలో రోనాల్డ్ రాస్ ఫొటో వస్తుంది. ప్రపంచ దోమల దినం కదా! మొన్న స్కూలు పుస్తకంలో ఆ పాఠం చదువుతూ మా బేటీ అడిగింది: "అబ్బాజాన్, దోమ కడుపులో మలేరియా క్రిమి దొరికింది సరే, ఆ దోమ ఎవరి ఖూన్ తాగింది?"

జవాబు నాకు తెలుసు. ఇన్నాళ్లూ తనకు చెప్పలేదని అప్పుడే ఖయాల్ వచ్చింది. ఆ ఖూన్ హుసేన్ ఖాన్‌ది.

1880లోనే అల్జీరియాలో ఫ్రెంచి డాక్టర్ లావెరాన్ మలేరియా మరీజుల ఖూన్‌లో క్రిమిని చూశాడు. అది ఒకరి ఒంట్లోంచి మరొకరికి ఎలా చేరుతుందన్నది మాత్రం రాజ్‌గానే ఉండిపోయింది. దోమల మీద షక్ లండన్‌లోని ప్యాట్రిక్ మాన్సన్‌ది. సుబూత్ వెతికిన మెహనత్ రాస్‌ది. 1895 నుంచి దోమలు కోసి చూస్తూనే ఉన్నాడు. ఫాయిదా లేదు. అవి మలేరియా మోసే రకం దోమలు కావు.

1897 ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న దోమలు దొరికాయి. వాటిని పిల్ల పురుగుల దశ నుంచే పెంచారు. అంటే అవి అప్పటిదాకా ఎవరినీ కుట్టలేదు. 16వ తారీఖున బేగంపేటలో మలేరియా బుఖార్‌తో ఉన్న హుసేన్ ఖాన్‌ను ఆ దోమలతో కుట్టించారు. ఉజ్రత్ దోమకు ఒక అణా. 20న ఆ దోమల్లో ఒకదాని కడుపు గోడలో నల్లని రేణువులున్న గుండ్రటి కణాలు కనిపించాయి. మర్నాడు కోసిన దోమలో అవి ఇంకా పెద్దవయ్యాయి. అంటే క్రిమి దోమలో బతికి పెరుగుతోంది! 1902లో రాస్‌కు నోబెల్ ఇనామ్ వచ్చింది.

రాస్ మెహనత్‌ను తక్కువ చేయడం నా మఖ్సద్ కాదు. తన జ్ఞాపకాల్లో హుసేన్ ఖాన్ నామ్ రాసింది కూడా ఆయనే. కానీ మన పాఠాల్లోకి రాస్ వచ్చాడు, దోమ కూడా వచ్చింది, మరీజు రాలేదు.

1898లో కలకత్తాలో పిట్టల మలేరియా మీద పనిచేస్తూ రాస్ ఆ క్రిమి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరుతుందని చూపించాడు. అక్కడ ఆయనకు సహాయకుడు మహమ్మద్ బక్ష్. దోమ కాటుతో మన ఒంట్లోకి దిగే ఆ దశ క్రిమి మీదే నేటి టీకాలు దెబ్బ కొడతాయి. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ, పుణె సీరం ఇన్‌స్టిట్యూట్ కలిసి తెచ్చిన ఆర్21 టీకాను 2023 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. బుర్కినా ఫాసో, మాలీ, కెన్యా, టాంజానియాల్లో దాదాపు 4,800 మంది పిల్లలపై దాన్ని పరీక్షించారు. ఆ పిల్లలు కూడా హుసేన్ ఖాన్ వారసులే.

హుసేన్ ఖాన్‌కు అణాలు ఇచ్చారు కదా అంటారేమో. ఉజ్రత్ వేరు, రజామందీ వేరు. ఈ రోజు పరిశోధన కోసం ఖూన్ అడిగితే, ఎందుకో మన జబాన్‌లో చెప్పించుకోవడం, వద్దనడం, మధ్యలో తప్పుకోవడం మన హక్. ఇల్మ్ కోసం ఖూన్ ఇవ్వడం మంచి పనే, భాయీ. సంతకం పెట్టే ముందు ఆ కాగజ్ మాత్రం పూర్తిగా చదివించుకోండి.

మా బేటీ ఆ పాఠం అంచున పెన్సిల్‌తో రెండు మాటలు రాసుకుంది: హుసేన్ ఖాన్.