లిమిటెడ్ ఎడిషన్ ఆర్ట్ ప్రింట్ కొంటున్నారా? ముందు ఈ ప్రశ్న అడగండి!

లిమిటెడ్ ఎడిషన్ ప్రింట్ అంటే పోస్టర్ కాదు. ఆర్టిస్టు ప్లేటు చెక్కి, స్టూడియోలో లెక్కపెట్టి తీసే ఒరిజినల్. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి ఇందులో ప్రపంచస్థాయి పేరు. పారిస్‌లోని అటెలియే 17 స్టూడియోలో హేటర్, కైకో మోతీలతో కలిసి విస్కాసిటీ ప్రింటింగ్‌ను అభివృద్ధి చేశారు. చిక్కటి, పల్చటి ఇంకులు ఒకదానితో ఒకటి కలవవు. మెత్తటి రోలర్ ప్లేటు లోతుల్లోకి, గట్టి రోలర్ పైభాగానికి రంగు అద్దుతాయి. ఒకే ప్లేటు.. ఒక్కసారి ప్రెస్‌లోకి వెళ్తే అన్ని రంగులూ పడతాయి. 1972లో పద్మశ్రీ అందుకున్న ఆయన 2018లో కన్నుమూశారు.

మూసాపేటలో కొత్త ఫ్లాట్ గోడకు ప్రింట్ కొంటున్నారా? కింద 12/50 అంటే 50 కాపీల్లో 12వది. కానీ నంబర్, సంతకం మామూలు పోస్టర్లపైనా వేయొచ్చు. అందుకే ప్లేటు మీద తీశారా, డిజిటల్ కాపీయా అని అడిగాకే డబ్బులు కట్టండి.