కోర్టులో కెమెరా మనకెందుకు?



1997లో సమత తీర్పు వచ్చింది. ఏజెన్సీలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వొద్దని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ వాదనలు మన ఊళ్ళల్లో ఎవరూ చూడలేదు.

2018 సెప్టెంబరు 26న ప్రత్యక్ష ప్రసారానికి కోర్టు ఒప్పుకుంది. అమలుకు నాలుగేళ్ళు పట్టింది. ఈలోపే, 2020 ఏప్రిల్ 22న, జీవో 3 కొట్టేశారు. ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న జీవో అది. మనకు తీర్పు తెలిసింది గానీ, ఐదుగురు జడ్జీల ముందు మన తరఫున ఎవరేం మాట్లాడారో చూసే దారి లేకపోయింది.

2022 సెప్టెంబరు 27 నుంచి రాజ్యాంగ ధర్మాసనాల విచారణలు ఫోన్లోనే చూస్తున్నాం. ముక్కలు కోసి రీల్స్ చేస్తారని కొందరి భయం. అదీ నిజమే. కానీ కెమెరా తీసేస్తే ఢిల్లీ వెళ్ళగలిగినోళ్ళకు పోయేదేం లేదు, నష్టమంతా మనకే. వాదనలు ఇంగ్లీషులో సాగుతాయి కాబట్టి హాస్టల్లో కలిసి చూద్దాం, అర్థమైనంత ఊళ్ళో మన మాటల్లో చెబుదాం.