ఆరు బెజ్జాల కథ

ఒక లోహపు పలకపై 20 మిల్లీమీటర్ల వ్యాసార్ధం గల వలయం వెంబడి, సమాన దూరంలో ఆరు బెజ్జాలు వేయాలి. చేయితిరిగిన ఫిట్టరుకు చెప్పవలసినది ఈ ఒక్క వాక్యమే. అదే పనిని సీఎన్సీ యంత్రానికి చెప్పాలంటే ఆరు బిందువుల నిరూపకాలు కావాలి: మొదటిది (20, 0), రెండవది (10, 17.321), ఆపై తక్కినవి. మనిషి వాక్యానికీ యంత్రపు అంకెలకూ నడుమనున్న ఈ దూరాన్ని ఎవరు దాటాలన్నదే ఈ యంత్రాల చరిత్రలో అసలు తగవు. ఇంట్లో చిన్న సీఎన్సీ పెట్టుకొన్న ఔత్సాహికుని సులభ మార్గాలు కూడా ఆ తగవులోనుంచి పుట్టినవే.

1940ల నాటి మాట. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో జాన్ పార్సన్స్ అనే పారిశ్రామికుడు సికోర్‌స్కీ హెలికాప్టర్ల రెక్కలు తయారుచేసేవాడు. రెక్క ఆకృతికి ఆయనకు అందినవి 17 బిందువులు మాత్రమే. నడుమ వంపును చేత్తో గీసుకోవాలి. ఆయన ఇంజనీరు ఫ్రాంక్ స్ట్యూలెన్ ఐబీఎం చిల్లుకార్డుల యంత్రాలతో 200 బిందువులు లెక్కకట్టించాడు. కట్టరు వ్యాసార్ధాన్ని కూడా ఆ లెక్కలోనే కలిపించాడు. ఇక కోత ఎలా జరిగేదనుకున్నారు? ఒక మనిషి పట్టికలోని అంకెలు చదువుతుంటే, ఇద్దరు మనుషులు ఎక్స్, వై దిశల చక్రాలు చేత్తో తిప్పేవారు! యంత్రాన్ని నడిపే కంప్యూటరు ఇంకా రాలేదు గాని, ప్రోగ్రాము అప్పటికే వచ్చేసింది. ఆపై 1949లో అమెరికా వైమానిక దళం సొమ్ము పెట్టింది. 1952లో ఎం.ఐ.టి. ప్రయోగశాలలో చిల్లుల కాగితపు టేపుతో నడిచే మిల్లింగ్ యంత్రాన్ని ప్రదర్శించారు.

ఇదే కాలంలో మరొక దారి కూడా ఉండేది. నిపుణుడైన కార్మికుడు ఒకసారి స్వయంగా పనిచేసి చూపితే, ఆ కదలికలను అయస్కాంతపు టేపుపై నమోదుచేసి యంత్రం మళ్ళీ మళ్ళీ చేస్తుంది. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ దీనిని రూపొందించింది. అంకెలతో పనిలేని ఈ పద్ధతిని యాజమాన్యాలు పక్కన పెట్టడానికి కారణం, నైపుణ్యం కార్మికుని చేతిలోనే మిగిలిపోవడమని చరిత్రకారుడు డేవిడ్ నోబుల్ 1984లో వాదించాడు. ఆ వాదంలో బలముంది గాని, నాకు పూర్తిగా రుచించదు. విమాన భాగాల వంపులను ఏ చేయీ అంత కచ్చితంగా చెక్కి చూపలేదు. అక్కడ అంకెలు తప్పవు. పైగా నమోదు పద్ధతి కార్మికునికి మేలే చేసేదని ఎవరు హామీ ఇవ్వగలరు? జనరల్ ఎలక్ట్రిక్‌లో ఉద్యోగం చేసిన కర్ట్ వానెగట్ 1952లో ప్రచురించిన ‘ప్లేయర్ పియానో’ నవలలో ఒక లేత్ కార్మికుని కదలికలను టేపుకెక్కించుకొన్నాక ఆ కార్మికునితో ఇక అవసరమే లేకుండా పోతుంది.

ఏమైతేనేం, అంకెలే గెలిచాయి. వాటిని రాసే భారం తగ్గించడానికి డగ్లస్ రాస్ బృందం ఏపీటీ అనే భాషను తయారుచేసింది. 1959లో దానిని ప్రకటించిన సభలో, ఆ భాషతో చెక్కిన అల్యూమినియం యాష్‌ట్రేలను విలేకరులకు కానుకగా ఇచ్చారు. కాని ఏపీటీ నడవాలంటే పెద్ద కంప్యూటరు కావాలి. ప్రోగ్రాము ఆఫీసు గదిలో, యంత్రం షాపులో. ఆ ఎడమను తగ్గించినది సంభాషణ పద్ధతి. 1981లో జపానుకు చెందిన మజాక్ తెచ్చిన మజట్రోల్ దీనికి పేరుపొందిన ఉదాహరణ: యంత్రం ముందున్న మనిషిని తెర ప్రశ్నలడుగుతుంది, జవాబులను బట్టి కట్టరు దారిని తానే లెక్కిస్తుంది.

ఇళ్ళలోని యంత్రాలకు ఈ సౌకర్యం ఉచిత, చౌక సాఫ్ట్‌వేర్ల ద్వారా చేరింది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 1990లలో రూపొందించిన ఈఎంసీ నేటి లైనక్స్‌సీఎన్సీకి మూలం. ఇందులో మన ఆరు బెజ్జాలకు సైను, కొసైనులతో ఒక చిన్న ఆవృత్తి రాస్తే చాలు. ఆరును ఎనిమిది చేయాలంటే ఒక అంకె మారుతుంది. మాక్3లోనైతే ‘విజర్డు’ అడిగిన గళ్ళు నింపితే జీకోడ్ తయారవుతుంది. జీ81 అనే ఆదేశం ఒక్కటే కట్టరును బెజ్జం పైకి చేర్చి, దించి, పైకి లాగుతుంది. 2009లో ఆర్డుయినో కోసం మొదలైన గ్రబుల్ మాత్రం ఆ చిన్న చిప్పులో ఇమడడానికి ఇవన్నీ వదులుకొంది. దానికి జీ81 తెలియదు, ఆవృత్తులూ తెలియవు. ఒక్కొక్క బెజ్జానికి మూడు వరసలు రాయాలి: జీ0తో పైకి చేరడం, జీ1తో మెల్లగా దిగడం, జీ0తో లేవడం. మొత్తం పద్దెనిమిది. వీటిని స్ప్రెడ్‌షీటులో సూత్రం పెట్టి పుట్టించుకోవచ్చు; చక్రాలు తిప్పే ఆ ఇద్దరికి పార్సన్స్ షాపులో చదివి వినిపించిన పట్టికకు ఇది నేరుగా మనుమరాలు.

ఆ పద్దెనిమిది వరసలను ఒకసారి కళ్ళతో చదవడానికి రెండు నిమిషాలు పడుతుంది. విజర్డుకు పలకను బిగించిన క్లాంపు ఎక్కడున్నదో తెలియదు. లేవవలసిన వరస ఒకటి జారిపోయినా అది యంత్రానికి తప్పుగా తోచదు. లోహంలో దిగి ఉన్న డ్రిల్లును జీ0 పూర్తి వేగంతో పక్కకు లాగుతుంది, డ్రిల్లు పుటుక్కున విరుగుతుంది. అందుకే మొదటిసారి జడ్ సున్నాను పలకకు పది మిల్లీమీటర్లు పైన పెట్టి, గాలిలోనే ఆరు బెజ్జాలు వేయించి చూస్తారు.