కప్పు బరువు – కాళ్ళ వంతు

ధర్మవరం నుండి బెంగుళూరు వైపు సాగే రైలుమార్గంలో ముందు పెనుకొండ, తరువాత హిందూపురం వస్తాయి. హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో లేపాక్షి గ్రామం ఉన్నది. విజయనగర ప్రభువైన అచ్యుతదేవరాయల కాలంలో (1529–1542) పెనుకొండలో రాజోద్యోగిగా ఉండిన విరుపణ్ణ, అతని సోదరుడు వీరణ్ణ అక్కడ కూర్మశైలమనే గుట్టపై వీరభద్రస్వామి ఆలయాన్ని కట్టించారు. ఆ ఆలయ మంటపంలో ఒక స్తంభం నేలకు పూర్తిగా ఆనదు. యాత్రికులు దాని అడుగున పలుచని గుడ్డను ఒక పక్క చొప్పించి, మరొక పక్కకు లాగి చూస్తారు. దీనికి వేలాడే స్తంభమని పేరు.

ఇంగ్లీషువారి పాలనలో ఒక ఇంజనీరు ఈ స్తంభాన్ని కదిలించబోగా పైకప్పులోను, పక్క స్తంభాలలోను కదలిక కనిపించిందనీ, అతడు వెంటనే ఆ ప్రయత్నం మానుకొన్నాడనీ అక్కడివారు చెప్పుకొంటారు. ఆ కథలో నిజం ఎంత ఉన్నా, దాని నుండి పుట్టే ప్రశ్న మాత్రం శాస్త్రానికి సంబంధించినదే. నేలకు ఆనని స్తంభాన్ని ముట్టుకొంటే, ఆనిన స్తంభాలకు ఏమి కావాలి? ఒక కప్పును అనేక కాళ్ళపై నిలిపినప్పుడు ఏ కాలి వంతుకు ఎంత బరువు వస్తుంది?

మూడు కాళ్ళ పీటను తీసుకొందాము. నేల ఎంత మిట్టపల్లాలుగా ఉన్నా దాని మూడు కాళ్ళూ నేలను తాకుతాయి. పీటపై బరువు ఎక్కడ పెట్టారో తెలిస్తే, తులాదండ సూత్రంతో ఒక్కొక్క కాలి వంతును లెక్కకట్టవచ్చు. తెలియని రాశులు మూడు, సమీకరణాలు కూడా మూడే. నాలుగవ కాలు చేర్చగానే చిక్కు వస్తుంది. తెలియనివి నాలుగవుతాయి, సమీకరణాలు మూడే మిగులుతాయి. ఏ కాలు వెంట్రుకవాసి పొట్టిగా ఉన్నది, నేల ఎక్కడ అణిగింది అన్న సంగతులు కూడా తెలిస్తే తప్ప లెక్క తేలదు. నాలుగు కాళ్ళ బల్ల గడగడలాడడానికి కారణం ఇదే.

ఎక్కువ ఆధారాలుంటే ఎక్కువ భద్రత అని సాధారణంగా అనుకొంటారు. ఆ నమ్మకం ఎంత మోసకారిదో గెలీలియో 1638లో వెలువడిన తన గ్రంథంలో ఒక ఉదంతంతో చూపించాడు. ఒక పెద్ద చలువరాతి స్తంభాన్ని రెండు కొసలా రెండు దుంగలపై పడుకోబెట్టి ఉంచారు. అది నడుమ విరుగుతుందేమోనని ఒక పనివాడు మధ్యన మూడవ దుంగను పెట్టించాడు. అందరూ అది మంచి ఆలోచన అన్నారు. కొన్ని నెలలకు స్తంభం సరిగా ఆ మధ్య దుంగ మీదనే పగిలి కనిపించింది. కొసన ఉన్న దుంగలలో ఒకటి పుచ్చి దిగిపోయింది. మధ్యది గట్టిగా నిలిచింది. దానితో సగం స్తంభం గాలిలో మిగిలి, తన బరువుకు తానే విరిగింది. మూడవ ఆధారం లేకుంటే స్తంభం కూడా ఆ దుంగతోపాటు దిగేదే గాని పగిలేది కాదు.

నాలుగు కాళ్ళ చిక్కును ఆయిలరు తన గణితంతో పట్టుకొన్నాడు. 1774లో అచ్చయిన వ్యాసంలో, నేల ఒత్తిడికి కొద్దిగా అణుగుతుందని భావించి, ఆ అణుగుదలను బట్టి ఒక్కొక్క కాలి వంతు తేల్చే మార్గం చూపాడు. 1826లో ఫ్రెంచి ఇంజనీరు నావియే తన ఉపన్యాసాల గ్రంథంలో, రెండుకు మించిన ఆధారాలపై నిలిచిన దూలాలను వాటి స్థితిస్థాపకతతో లెక్కకట్టాడు. వస్తువులు ఎంత వంగుతాయో, ఎంత కురచబడతాయో తెలిస్తేనే బరువు పంపకం తెలుస్తుందన్నది ఈ కృషి వలన తేలిన విషయం.

ఆ కురచబడడం ఎంతో ఒక ఉదాహరణతో చూడవచ్చు. ఇది లేపాక్షి కొలత కాదు, సూత్రం బోధపడడానికి ఊహించిన లెక్క. 3 మీటర్ల ఎత్తు, అర మీటరు భుజం గల చదరపు గ్రానైటు స్తంభంపై 10 టన్నుల బరువు ఉన్నదనుకొందాము. అడ్డుకోత వైశాల్యం 0.25 చదరపు మీటరు కనుక, ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 4 లక్షల న్యూటన్లు. గ్రానైటు యంగ్ గుణకం చదరపు మీటరుకు సుమారు 5,000 కోట్ల న్యూటన్లు. మొదటిదానిని రెండవదానితో భాగించి, ఎత్తుతో గుణిస్తే స్తంభం కురచబడేది 0.024 మిల్లీమీటరు మాత్రమే అని తేలుతుంది. మామూలు కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు, అనగా దానికి నాలుగు రెట్లు. కప్పు ఏ మాత్రమూ వంగనిదైతే, తోటివాటికన్నా ఒక్క కాగితమంత పొట్టిగా ఉన్న స్తంభం ఏ బరువూ మోయదు. దాని వంతు కూడా ఇరుగుపొరుగు స్తంభాలే మోస్తాయి. నిజమైన కప్పులో రాతిపలకలు కొద్దిగా వంగుతాయి, అతుకులు సర్దుకొంటాయి. అందువలన తేడా కొంత తగ్గుతుంది గాని, సూత్రం మారదు.

అందుచేతనే బరువైన కట్టడాలను పైకి లేపేవారికి బలంకన్నా సమత ముఖ్యం. అమెరికాలోని చికాగో నగరం పల్లంలో ఉన్నందున, మురుగుకాలువలు వేయడానికి 19వ శతాబ్ది నడుమ అక్కడి భవనాలను ఎత్తవలసివచ్చింది. 1860లో ఒక వీధివరుస భవనాలన్నిటినీ కలిపి, సుమారు 6,000 మరజాకీలపై నాలుగున్నర అడుగులకు పైగా లేపారు. సుమారు 600 మంది మనుషులు, మనిషికి పది జాకీల చొప్పున, సంకేతం అందినప్పుడల్లా మరలను కొద్దికొద్దిగా, ఒక్కమాటుగా తిప్పారు. ఒక్క మూల తొందరపడి ముందు లేచి ఉంటే గోడ పగిలేది.

ఇదే సమస్య నేడు ఒక చిన్న బండిలో కనిపిస్తుంది. కారు వెనుక తగిలించుకొని పోయే మడత ఇండ్లు విదేశాలలో విహారయాత్రలకు వాడుకలో ఉన్నాయి. ప్రయాణంలో వాటి కప్పు పెట్టెమూత వలె దిగి ఉంటుంది. మకాం చేరి పిడి తిప్పితే, కప్పు నాలుగు మూలలా లేచి, గుడ్డగోడలు విప్పుకొంటాయి. ఒక రకం ఏర్పాటులో పిడి వలన తిరిగే డ్రమ్ము ఒక ఉక్కుతాడును చుట్టుకొంటుంది. ఆ తాడుకు కలిపిన నాలుగు తాళ్ళు గిలకల మీదుగా నాలుగు మూలలకు పోతాయి. వాడుకలో తాళ్ళు సాగుతాయి, అన్నీ ఒకే తీరున సాగవు. ఒక తాడు వదులైతే ఆ మూల వెనుకబడుతుంది, కప్పు మెలిపడుతుంది, తక్కిన తాళ్ళపై భారం పెరుగుతుంది.

అనేక తాళ్ళు ఒక్కసారి పైకి లేచే యంత్రాన్ని ధర్మవరం పట్టుమగ్గాలపై చూడవచ్చు. ఫ్రాన్సుకు చెందిన జాకార్డు 19వ శతాబ్ది మొదట రూపొందించిన సాధనం అది. చిల్లులు పొడిచిన అట్టలను బట్టి కొన్ని దారాలు లేచి, వాటికి కట్టిన పడుగుపోగులను పైకెత్తుతాయి. కింది నుండి నాడె పోతుంది. ఒక దారం వదులైతే ఆ పోగు తగినంత లేవదు, నేతలో ఆ చోట తప్పు పడుతుంది. నేతగాడు ఆ ఒక్క దారాన్ని సరిచేస్తే చాలు. ప్రతి దారానికి విడిగా తన బరువు ఉన్నది కనుక పక్క దారానికి ఏ మార్పూ రాదు. కప్పు సంగతి అలా కాదు. నాలుగు తాళ్ళూ ఒకే బిగువైన కప్పును పట్టుకొని ఉన్నాయి. ఒకదానిని బిగిస్తే నాలుగింటి వంతులూ మారతాయి.

కనుక మడత ఇంటి కప్పును సరిచేయడానికి ఒక వరుస ఉన్నది. మొదట బండిని రసమట్టంతో చూసి చదునుగా నిలపాలి. బండే వాలి ఉంటే కప్పు కొలతకు అర్థం లేదు. కప్పును కొంత ఎత్తి, ఒకే కర్రతో నాలుగు మూలల ఎత్తులు కొలిచి రాసుకోవాలి. తాడును వదులు చేసేముందు కప్పు కింద గట్టి ఊతకర్రలు పెట్టాలి. తాడు జారితే కప్పు మనిషిపై పడగలదు. వెనుకబడిన మూల తాడుకు ఉన్న నట్టును కొద్దిగా బిగించాలి. మామూలు 8 మిల్లీమీటర్ల మరమేకుపై నట్టు ఒక చుట్టు తిరిగితే 1.25 మిల్లీమీటర్లు ముందుకు సాగుతుంది. తరువాత ఊతలు తీసి, కప్పును రెండు మూడుసార్లు ఎత్తి దించి, నాలుగు మూలలనూ మళ్ళీ కొలవాలి. సరిచేసిన మూలను మాత్రమే కొలిచి ఊరుకొంటే, తప్పు మరొక మూలకు మారిన సంగతి తెలియదు.

తాడుకు నట్టు ఉన్నది. తప్పు జరిగితే వెనుకకు తిప్పవచ్చు. రాతికి ఆ సౌకర్యం లేదు. లేపాక్షి స్తంభం కింద సందు పూడ్చాలని చీలను బలంగా దిగగొడితే, అది గెలీలియో చెప్పిన మూడవ దుంగ అవుతుంది. ఇన్నాళ్ళూ పక్క స్తంభాలపై సర్దుకొన్న పలక అక్కడ పైకి నెట్టబడి, తాను ఎన్నడూ ఎరుగని చోట వంగుతుంది. రాయి నొక్కుడుకు గట్టిదే గాని వంపుకు బలహీనమైనది. వంగిన పలక పైభాగం సాగదీయబడి పగులుతుంది. దాదాపు అయిదువందల ఏండ్లుగా నిలిచిన కప్పుకు మేలు చేయబోయి కీడు చేసినట్లవుతుంది. లోపంగా కనిపించే ఆ సందు నేడు కప్పు కుదురులో భాగం. పాత కట్టడాలను కాపాడేవారు ముందు కొలిచి, చాలాకాలం గమనించి, తప్పనిసరి అయితేనే చేయి పెట్టడానికి కారణం ఇదే.

ఈ సూత్రాన్ని తరగతి గదిలో పరీక్షించడం సులభం. నాలుగు కాళ్ళ బల్ల ఒక్కొక్క కాలి కింద ఒక కాగితపు ముక్క పెట్టి, ఒక్కొక్కదానిని మెల్లగా లాగి చూడాలి. సులువుగా వచ్చినది ఏ కాలి కిందిదో గుర్తు పెట్టుకొని, ఆ కాలి కింద నాలుగు కాగితాలు మడిచి పెట్టి, తక్కిన మూడింటినీ మళ్ళీ పరీక్షించాలి. ముట్టుకొన్నది ఒక కాలినే అయినా, ఈసారి సులువుగా వచ్చే కాగితం మరొక కాలి కింద దొరకవచ్చు.